దిగుడుబావి నుంచి బోరింగు దాకా

నారికురుపును కళ్ళారా చూసిన వైద్యుడు కావాలంటే ఇప్పుడు పింఛను పుచ్చుకునేవారిలో వెతకవలసిందే. ఉద్యోగంలో ఉన్న యువవైద్యులకు అది పాఠ్యపుస్తకంలోని ఒక బొమ్మ, అంతే. మా తరానికి అలా కాదు. కర్నూలు జిల్లా మెట్ట పల్లెలలో ఎండలు ముదిరే వేళకు, ఆస్పత్రి అరుగు మీద కూర్చున్నవారిలో ఇద్దరో ముగ్గురో కాలు చాపుకొని, మడమ పైన గుడ్డపేలిక చుట్టుకొని, ఈగలు తోలుకుంటూ ఉండేవారు. పేలిక విప్పితే పుండు, పుండు నడుమ తెల్లని దారపు కొస. ఆ కొసను అప్పటికే ఇంట్లో పెద్దవాళ్ళెవరో చీపురుపుల్లకు చుట్టి ఉండేవారు. రోజుకు ఒకటి రెండు అంగుళాల చొప్పున చుట్టుకుంటూ పోవాలి. తొందరపడి లాగితే పురుగు లోపల తెగుతుంది. తెగితే చీము పట్టి, కాలు వాచి, వారాల తరబడి మంచాన పడవలసి వస్తుంది. వైద్య పట్టా చేతబట్టుకొని వెళ్ళిన నేను ఆ పుల్లను ఆ ముసలమ్మలకంటే నేర్పుగా చుట్టింది ఏనాడూ లేదు.

ఈ సంగతి ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం ఉంది. తెలుగునాట ఆత్మకూర్లు చాలా ఉన్నాయి. నేను చెప్పేది నల్లమలకు పడమటి అంచున, శ్రీశైలం అడవికి గుమ్మంలా ఉన్న ఆత్మకూరు. చిరకాలం కర్నూలు జిల్లాలో ఉండి 2022 నుంచి నంద్యాల జిల్లాకు మారిన ఊరు. ఇటీవల ఇక్కడ మా వీధికి ఒక పరిశోధక విద్యార్థి నీటి నమూనాల కోసం వచ్చాడు. భుజాన సంచి, సంచి నిండా సీసాలు, చేతిలో ఫోను. బోరు ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫోనులో నమోదవుతుందట. ఆ లెక్కలన్నీ కంప్యూటరుకు ఇస్తే భూగర్భజలాల పటం గీసిపెడుతుందట. విని సంతోషించాను. “ఈ నీళ్ళు తాగే పిల్లల పళ్ళు చూశావా నాయనా?” అని అడిగాను. “అది మెడికల్ వాళ్ళ పని కదా సార్, మాది ఇంజనీరింగు” అన్నాడు వినయంగా.

ఆ అబ్బాయి తప్పు ఏమీ లేదు. విశ్వవిద్యాలయాలలో వైద్యానికి ఒక భవనం, వ్యవసాయానికి మరొకటి, నీటికి, ఇంజనీరింగుకు ఇంకొకటి. జబ్బులు మాత్రం ఏ భవనంలోనూ ఇమిడి ఉండవు. ముఖ్యంగా వర్షం చాలని నేలలో, నీరూ తిండీ రెండూ కరవైన చోట, వచ్చిన జబ్బులను ఏ ఒక్క శాస్త్రమూ తనంతట తాను పోల్చుకోలేకపోయింది. ఒక శాఖ చూపిన పరిష్కారం ఇంకొక శాఖకు కొత్త చిక్కు తెచ్చిపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఆ చరిత్ర కొంత చెప్పుకోవాలి.

మొదట నారికురుపు. ఆ పురుగులో ఆడది రెండు మూడడుగుల పొడవు ఉంటుంది. మనిషి చర్మం కింద ఏడాది పాటు పెరిగి, చివరకు సాధారణంగా మోకాలికి దిగువన బొబ్బ పుట్టించి బయటకు వస్తుంది. మంట భరించలేక రోగి కాలు నీళ్ళలో పెడతాడు. పురుగుకు కావలసింది అదే. పుండు నీటిని తాకగానే లక్షలాది పిల్లపురుగులను నీటిలోకి వదులుతుంది. వాటిని సైక్లోప్స్ అనే కంటికి ఆనీ ఆననంత చిన్న నీటిజీవి మింగుతుంది. ఆ నీటిని వడగట్టకుండా తాగిన మనిషి కడుపులో సైక్లోప్స్ చచ్చిపోతుంది, పురుగు బతుకుతుంది. ఈ చక్రాన్ని 1870 ప్రాంతంలో తుర్కిస్తాన్‌లో పనిచేస్తున్న రష్యన్ శాస్త్రజ్ఞుడు ఫెడ్చెంకో తొలిసారి విప్పి చెప్పాడు. ఆయన వైద్యుడు కాదు, ప్రకృతి శాస్త్రవేత్త.

మన దిగుడుబావి ఈ పురుగు కోసమే కట్టినట్టు ఉండేది. పుణ్యం కోసం పెద్దలు తవ్వించిన బావి అది. చేంతాడు లేని పేదవాడు కూడా మెట్లు దిగి నీళ్ళు ముంచుకోవచ్చునన్నది తవ్వించినవారి దయ. ఆ మెట్లే జబ్బుకు దారి అయినాయి. కాలికి పుండు ఉన్నవాడు మోకాటిలోతు దిగి కడవ ముంచుతాడు. అతని వెనుక వచ్చిన ఇల్లాలు అదే నీటిని ఇంటికి మోస్తుంది. వేసవిలో నీరు అడుగంటి చిక్కబడే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు సోకినది మరుసటి వేసవికి, అంటే ముంగారు వానలకు ముందు, పొలాలు సిద్ధం చేసే రోజులలో బయటపడుతుంది. ప్రాణం తీసే జబ్బు కాదు గనుక పెద్దగా లెక్కలోకి రాలేదు. కానీ విత్తనం వేసే అదనులో నెల రోజులు కాలు కదపలేని రైతుకు ఆ ఏడు పంట పోయినట్టే. ఒకసారి వచ్చినవానికి మళ్ళీ రాదన్న భరోసా కూడా లేదు. ఏటేటా వచ్చిన కుటుంబాలు ఉన్నాయి.

దీనికి మందు లేదు, టీకా లేదు. ఈనాటికీ లేదు. అయినా మన దేశంలో ఈ జబ్బు మాయమైంది. 1983-84లో నారికురుపు నిర్మూలన జాతీయ కార్యక్రమం మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలలో ఏడాదికి దాదాపు 40 వేల మంది రోగులు లెక్కకు వచ్చారు. చివరి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనిపించాడు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. ఇది ఎవరి ఘనత అంటే, నిజం చెప్పాలి, మా వైద్యుల వాటా కొంచెమే. మేము ఇల్లిల్లూ తిరిగి రోగులను లెక్కపెట్టాము, కట్లు కట్టాము, నీళ్ళు గుడ్డతో వడగట్టుకొమ్మని చెప్పాము. సైక్లోప్స్‌ను చంపే టెమిఫాస్ మందును బావులలో కలిపించాము. అసలు దెబ్బ కొట్టింది మేస్త్రీలు, ఇంజనీర్లు. దిగుడుబావి మెట్లు మూసి, చుట్టూ గట్టు కట్టి, గిలక బిగించి దానిని చేదబావిగా మార్చారు. లేదా ఊరి నడుమ బోరు వేసి చేతిపంపు పెట్టారు. మన పల్లెలలో దానినే బోరింగు అన్నారు. కాలు నీటిని తాకని చోట పురుగుకు బతుకు లేదు.

బోరింగు వచ్చిన రోజున ఊళ్ళో కొబ్బరికాయ కొట్టడం నేను చూశాను. కొట్టవలసినదే. నీరు చల్లగా, తేటగా, ఏ నలకా లేకుండా వచ్చింది. కంటికి కనిపించే మురికిని బట్టి నీటి మంచిచెడ్డలు నిర్ణయించడం మనిషికి అనాదిగా అలవాటు. నూరడుగుల కింద రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీటిలో ఏముందో కంటికి తెలియదు, నాలుకకూ తెలియదు. కొన్ని ఊళ్ళలో, ముఖ్యంగా నల్లరాయి, గ్రానైటు పరచుకున్న చోట, ఆ తేటనీటిలో ఫ్లోరైడు ఉంది.

ఇది కొత్తగా తెలిసిన విషయమైతే ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. కానీ అప్పటికి అర్ధశతాబ్దం ముందే, నల్లమలకు ఆవలివైపున అది తెలిసింది. ఆనాటి నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతమది. పొదిలి, దర్శి, కనిగిరి వైపు పల్లెలు 1970లో ప్రకాశం జిల్లాలోకి వెళ్ళాయి. ఆ జిల్లా ఏర్పడినప్పుడే మన కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు కూడా అందులోకి వెళ్ళాయి. అక్కడ జబ్బును మొదట గుర్తించినవారు రైతులు. 1930లలో అరక కట్టిన ఎద్దులు కీళ్ళు బిగిసి, నొప్పితో నడవలేక నిలిచిపోవడం చూశారు. వయసు మీరని పశువులు అలా కావడం వారికి వింతగా తోచింది. మనుషులలో అదే బిగుసుకుపోవడం వైద్యుల దృష్టికి వచ్చింది తరువాతనే. పశువుకు ఆ ఊరి నీరు తప్ప వేరే గతి లేదు గదా.

1937లో మద్రాసు రాజధానిలో స్థానికంగా వ్యాపించిన ఫ్లోరోసిస్ గురించిన వ్యాసం భారత వైద్య పరిశోధన పత్రికలో వెలువడింది. రచయితలు షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్. షార్ట్ ఆనాడు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నారు. మలేరియా పరాన్నజీవి మనిషి కాలేయంలో దాగే దశను 1948లో గార్న్‌హామ్‌తో కలిసి కనుగొన్నది కూడా ఈయనే. బర్నార్డ్ ఎక్స్-రే నిపుణుడు. వెన్నెముక పూసలు ఒకదానితో ఒకటి అతుక్కొని, స్నాయువులు సున్నంలా గట్టిపడిన ఎక్స్-రే చిత్రాలు లేకపోతే అది ఇంకొక వాతవ్యాధిగానే మిగిలిపోయేది. మరి మూడేళ్ళకు, 1940లో, అదే సంస్థ నుంచి పండిట్, రాఘవాచారి తదితరులు ఇంకొక ముఖ్యమైన విషయం రాశారు. అదే స్థాయి ఫ్లోరైడు నీరు తాగినా అందరికీ ఒకే తీవ్రతతో జబ్బు రావడం లేదు. మంచి తిండి లేనివారికి ఎక్కువగా వస్తున్నది. నీటి రసాయన శాస్త్రంతో ఆగక కంచంలోకి తొంగిచూసిన వ్యాసమది.

అర్ధశతాబ్దం తరువాత, 1986లో కేంద్రప్రభుత్వం తాగునీటి కోసం సాంకేతిక మిషన్ ఏర్పాటు చేసింది. అందులో నారికురుపు నిర్మూలనకు ఒక ఉపమిషన్, ఫ్లోరోసిస్ అదుపునకు ఇంకొక ఉపమిషన్ ఉన్నాయి. తలపెట్టినవారికి రెండూ తెలుసు. కానీ ఊరి స్థాయికి వచ్చేసరికి బోరు వేసే లారీకి ఒకటే ఆదేశం, నీరు పడాలి. పడిన నీటిని పరీక్షించి, ఆ ఫలితం వచ్చిన తరువాత పంపు బిగించే ఓపిక కరవు కాలంలో ఎవరికి ఉంటుంది? ఆ రోజులలో నేనూ అడగలేదు. ఒక ఊరి బోరింగు పక్కన నిలబడి నారికురుపు లెక్క సున్నా అని రాసుకొని ఆనందంగా తిరిగివచ్చాను. కొన్నేళ్ళకు అదే ఊరి బడిలో పిల్లల పళ్ళ మీద అడ్డంగా సుద్దతెలుపు చారలు, గోధుమరంగు మచ్చలు చూసి, పళ్ళు సరిగా తోముకోవడం లేదని మందలించాను కూడా. తోమితే పోయే గార కాదు అది. దవడ లోపల పన్ను తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళలోపు, తాగిన నీరు పింగాణీ పొరలో వదిలిన గుర్తు.

ఇక్కడ భూగర్భం గురించి రెండు మాటలు. ఆదోని, పత్తికొండ వైపు నేల కింద ప్రాచీనమైన గ్రానైటు, నైస్ శిలలు. వాటిలోని ఫ్లోరైటు, అపటైటు, అభ్రకం వంటి ఖనిజాలు క్షారగుణం గల నీటిలో మెల్లగా కరిగి ఫ్లోరైడును వదులుతాయి. నంద్యాల వైపు భూగర్భం వేరు. బేతంచెర్ల నాపరాయి ఎరుగని ఇల్లు మన సీమలో ఉండదు. సున్నపురాయి నుంచి వచ్చే కాల్షియం ఫ్లోరైడును కరగని ఉప్పుగా మార్చి పట్టి ఉంచుతుంది. అందుకే ఫ్లోరైడు పటం అతుకుల బొంతలా ఉంటుంది. ఒక వీధి బోరు మంచిదైతే పక్కవీధి బోరు మంచిదని అర్థం కాదు. లోతు మారితే నీరు మారుతుంది, కరవు ఏడు మారుతుంది.

తెలంగాణలో ఈ కథ మరింత విషాదంగా నడిచింది. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ అనే వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. అదే ఏడు డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. కాలువనీరు వస్తే బోరునీటి పీడ విరగడవుతుందని ఎవరైనా అనుకుంటారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ప్రకటించిన విషయం వేరు. ఫ్లోరోసిస్ ఉన్న పల్లెలలో యువకులకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి, పాదాలు ఎడంగా పోతున్నాయి, ఎముకలు గుల్లబారుతున్నాయి. పాత ఫ్లోరోసిస్‌లో ఎముక గట్టిపడి బిగుస్తుంది. ఇది దానికి విరుద్ధం. పెద్దలకు తెలియని కొత్త రూపం.

కారణం వెతుకుతూ ఆ బృందం పొలాలలోకి వెళ్ళింది. జబ్బు ఉన్న పల్లెల జొన్నలను, లేని పల్లెల జొన్నలను తెచ్చి పరీక్షించారు. వారి వివరణ ఇది. జలాశయం, కాలువల ఊటవల్ల భూగర్భజల మట్టం పైకి వచ్చింది, నేలలో క్షారగుణం పెరిగింది. అటువంటి నేలలో పెరిగిన జొన్న మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. మాలిబ్డినం ఎక్కువైతే శరీరంలోని రాగి మూత్రంలో పోతుంది. రాగి చాలకపోతే ఎముక అల్లిక బలహీనపడుతుంది. దానిమీద ఫ్లోరైడు తోడైతే కాళ్ళు వంగుతాయి. వరి అన్నం తినగల ఇళ్ళలో కంటే జొన్న మీదనే బతికే పేదల ఇళ్ళలో ఈ వంకర ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణమని వాదించారు. ఈ గొలుసులో ప్రతి కొక్కెమూ తిరుగులేనిదని నేను అనను. కాని ఆ పద్ధతి చూడండి. ఆనకట్ట కట్టిన ఇంజనీరు, జొన్న పండించిన రైతు, నేలను చూసే శాస్త్రవేత్త, కాలు వంగిన కుర్రవాడు ఒకే కాగితం మీదికి వచ్చారు. మన తెలుగు నేల మీద జరిగిన పరిశోధనలలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే.

జొన్న పేరు వచ్చింది గనుక పెల్లాగ్రా సంగతి చెప్పకపోతే అన్యాయం. ఎండ తగిలే చోట చర్మం నల్లగా మాడినట్టు పొట్టు రేగడం, మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ, విరేచనాలు, చివరకు మతి చలించడం, ఇవి దాని లక్షణాలు. నియాసిన్ అనే విటమిన్ లోపం వల్ల వస్తుంది. పశ్చిమ దేశాలలో అది మొక్కజొన్న తినే పేదల జబ్బు. దక్కనులో జొన్న తినే పేదలకు వచ్చింది. చిక్కు ఏమిటంటే జొన్నలో నియాసిన్ తక్కువేమీ కాదు. 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య లాన్సెట్‌లో ఒక వివరణ ఇచ్చారు. జొన్న మాంసకృత్తులలో ల్యూసిన్ అనే ఆమ్లం మోతాదు ఎక్కువ, అది శరీరం నియాసిన్ తయారుచేసుకునే దారికి అడ్డుపడుతుందని. తరువాత కొందరు శాస్త్రజ్ఞులు దీనితో విభేదించారు. మొత్తం తిండిలోని కొరతనే ప్రధానమన్నారు. వాదం పూర్తిగా తేలకముందే రోగులు తగ్గిపోయారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, జొన్నరొట్టె తినే ఇళ్ళలో అన్నం ఉడకడం మొదలైంది. పెల్లాగ్రా తగ్గడానికి అదొక్కటే కారణమని చెప్పలేను గాని, నా గదికి వచ్చిన రోగులలో మార్పు స్పష్టంగా కనబడింది. ఆ తరువాతి ఇరవై ఏళ్ళలో అదే అన్నం తినే ఇళ్ళ నుంచి మధుమేహ రోగులు రావడం మొదలైంది. ఇప్పుడు వారందరికీ జొన్నరొట్టె తినమని, కొర్రన్నం తినమని చెబుతున్నాము. 1906 నుంచి నంద్యాలలో నడుస్తున్న వ్యవసాయ పరిశోధనా స్థానం నంద్యాల తెల్లజొన్న రకాలను, కొర్ర రకాలను విడుదల చేస్తూనే ఉంది. ఒకనాడు గతిలేనివాడి తిండి నేడు కలిగినవాడి పథ్యమైంది. జొన్న చేసిన పాపం ఏమీ లేదు. పక్కన పప్పూ ఆకుకూరా పాలూ లేని జొన్నే పాపం చేసింది.

తిరిగి నీటి దగ్గరకు వద్దాం. ఫ్లోరైడును నీటి నుంచి తీసే పద్ధతిని 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ రూపొందించి దానికి మన నల్లగొండ పేరే పెట్టింది. ప్రపంచమంతటా, ఆఫ్రికా దేశాలలో సైతం, ఆ పేరుతోనే దానిని ఎరుగుదురు. ఒక ఊరికి జబ్బు వల్ల పేరు రావడం, ఆ పేరే ఒక విరుగుడుకు స్థిరపడడం విచిత్రం. పద్ధతి సులువే. నీటిలో కొలత ప్రకారం సున్నం, పటిక కలిపి కలియబెట్టాలి. తెల్లని తరకలు ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు చేరతాయి. క్రిములు చావడానికి కొంత బ్లీచింగ్ పొడి వేస్తారు. గంటసేపు కదపకుండా ఉంచి పైనీటిని వడకట్టి తీసుకోవాలి. కుళాయి బిగించిన బకెట్‌తో ఇంట్లోనైనా చేసుకోవచ్చు, ఊరికంతటికీ ట్యాంకు కట్టయినా చేయవచ్చు.

మరి ఎందుకు నిలవలేదు? పటిక ఎంత వేయాలన్నది ఆ బావి నీటిలోని ఫ్లోరైడును, క్షారగుణాన్ని బట్టి ఉంటుంది. ఒక ఊరి కొలత ఇంకొక ఊరికి పనికిరాదు, ఎండాకాలపు కొలత వానాకాలానికి సరిపోదు. తక్కువైతే ఫలితం లేదు. ఎక్కువైతే నీటికి వగరు, అందులో అల్యూమినియం మిగిలే భయం. అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పోయాలి? రోజూ ఎవరు కలపాలి? పొలం పనికి పోయి సాయంత్రం ఇంటికి వచ్చిన ఇల్లాలు, పొయ్యి వెలిగించకముందు పటిక తూచి, కలియబెట్టి, గంట ఆగాలన్నమాట. రసాయన శాస్త్రం సరిగానే ఉంది. ఆ ఇల్లాలి సాయంత్రం లెక్కలోకి రాలేదు. పరిశోధనా పత్రాలలో దీనిని “ప్రజలలో అవగాహన లోపం” అని రాస్తారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు చిరాకు కలుగుతుంది.

చివరకు ఎక్కువ చోట్ల పనిచేసింది నీటిని శుద్ధి చేయడం కాదు, నీటినే మార్చడం. నదినీటిని గొట్టాల ద్వారా ఊళ్ళకు తేవడం. మన సీమలోనే అనంతపురం జిల్లాలో 1990ల మధ్య సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా గ్రామాలకు నీరందించింది. నల్లగొండకు కృష్ణా జలాలు వచ్చాయి. మాకు ఇక్కడ వెలుగోడు జలాశయం కూతవేటు దూరంలో కనబడుతూనే ఉంటుంది. అందులోని నీరు చాలావరకు ఇంకా దూరం పోవలసినది. దాని చరిత్ర వేరొక వ్యాసం.

ఇక్కడ పాఠకులు గుర్తుంచుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి, ఎందుకంటే ఈ పొరపాట్లు చదువుకున్న ఇళ్ళలోనూ చూస్తున్నాను. నీటిని కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత కొంచెం పెరుగుతుంది కూడా. గుడ్డతో వడగట్టడం నారికురుపుకు విరుగుడే గాని ఫ్లోరైడుకు కాదు. భారత ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు సహిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5. అయితే మన ఎండలలో పొలం పని చేసే మనిషి చల్లని దేశపు మనిషికంటే ఎన్నో లీటర్లు ఎక్కువ తాగుతాడు. కాబట్టి సీసా మీది సంఖ్య ఒకటే అయినా ఒంట్లో చేరేది ఒకటి కాదు. ఏళ్ళ తరబడి నడుమునొప్పి, మెడ బిగుసుకుపోవడం ఉన్నవారు మూడు పనులు చేసి చూడండి. మోకాళ్ళు వంచకుండా కాలి వేళ్ళు అందుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు పైకెత్తి తల వెనుక కలపడం. ఇవి చేయలేకపోతే ఫ్లోరోసిస్ అని నిర్ణయం కాదు, వయసు వల్లనూ కావచ్చు. కాని నొప్పిమాత్రలతో సరిపెట్టక, తాగే నీటిని పరీక్ష చేయించమని వైద్యుని అడగడానికి అది చాలు.

తిండి వైపు నుంచి వచ్చిన ఒక పరిశోధన చెప్పకుండా ఉండలేను. 2002లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, ఖందారే తదితరులు, బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు ఇచ్చి చూశారు. మూత్రంలో ఫ్లోరైడు పోవడం గణనీయంగా పెరిగింది. మన పులుసు, మన చారు, వీటిలోని చింతపండే. దీనిని చదివి చింతపండు తింటే బోరునీరు తాగవచ్చునని ఎవరూ అనుకోవద్దు. అది కొద్దిమంది పిల్లలతో కొద్దిరోజులు జరిగిన ప్రయోగం. కాని 1940 నాటి వ్యాసం కంచంలోకి చూసిన చూపు ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది. పాలు, ఉసిరి, ఆకుకూరలు తినే పిల్లవానికి కొంత రక్ష ఉంటుందన్నది ఆ చూపు నుంచి వచ్చిన సలహాయే.

నేడు సీమలోని విశ్వవిద్యాలయాలలో భూగర్భజలాల మీద సిద్ధాంత వ్యాసాలు విరివిగా వస్తున్నాయి. ఉపగ్రహ చిత్రాలు, గణిత నమూనాలు, కంప్యూటరు అంచనాలు, ఇవన్నీ మా కాలంలో ఊహకు అందనివి. నా ఫిర్యాదు పనితనం మీద కాదు. సీసా ఊరి నుంచి వెళుతుంది, ఫలితం ఊరికి తిరిగి రాదు. నేను పనిచేసిన ఒక ఊళ్ళో ముగ్గురు వేర్వేరు విద్యార్థులు వేర్వేరు ఏళ్ళలో ఒకే బోరు నీరు పట్టుకుపోయారు. ముగ్గురికీ పట్టాలు వచ్చి ఉంటాయి. బోరు పక్క ఇంటివారికి అంకె ఎంతో తెలియదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి నీరా, మట్టా, పురుగుమందా, ఎండలో శ్రమా, వంశలక్షణమా అన్నది ఇంకా తేలలేదు. అక్కడా ఒక్కొక్క శాఖ ఒక్కొక్క కొసను పట్టుకొని లాగుతున్నది. నారికురుపు కొసను లాగినట్టు లాగితే తెగుతుంది.

ఆనాటి విద్యార్థిని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. అతని ఫారంలో ఇరవైకి పైగా గడులు ఉన్నాయి. క్షారగుణం, కరిగిన లవణాలు, కాఠిన్యం, నైట్రేటు, ఫ్లోరైడు, బోరు లోతు. ఈ నీరు ఎందరు తాగుతారు, ఎన్నేళ్ళుగా, ఇంట్లో ఏ ధాన్యం తింటారు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలు ఉన్నారా అన్న గడులు లేవు. కాగితం వెనుకవైపు పెన్సిలుతో నాలుగు గీతలు గీసి ఇచ్చాను. మా బోరుకు సంబంధించి నేనే నింపాను. ఇద్దరం, పదకొండేళ్ళుగా, వారానికి నాలుగు రోజులు జొన్న, మిగతా రోజులు వరి, పిల్లలు సెలవులకు మాత్రమే. అతను నవ్వి, కాగితం మడిచి సీసాల సంచిలో పెట్టుకొని పక్కింటి గేటు తట్టాడు. పక్కింట్లో ఆరేళ్ళ పాప ఉంది. “వాళ్ళని కూడా అడుగు” అన్నాను. అడిగాడు, నేను గోడ మీదుగా విన్నాను. ఫలితం ఇంకా రాలేదు. అతని ఫోను నెంబరు నా దగ్గర ఉంది.